రోజూ వచ్చే బిచ్చగాళ్ళం కాము: ఇంగ్లండ్ పల్లెల్లో ఇంటింటి పాటలు, అడిగే హక్కు

క్రిస్మస్ రోజుల్లో ఇంగ్లండ్‌లో ఇల్లిల్లూ తిరిగి పాడే పాత వాసెయిల్ పాటల్లో బాగా పేరున్న ఒకదానిలో ఒక చరణం ఉంది. "గడప గడపకూ తిరిగి అడుక్కునే రోజువారీ బిచ్చగాళ్ళం కాము, మీరు మునుపు చూసిన ఇరుగుపొరుగు పిల్లలమే" అని దాని సారం. 19వ శతాబ్దం మధ్యనాటికే అచ్చులోకి వచ్చిన ఈ పాటను ఇప్పుడు ఎక్కువగా బడి పిల్లల కచేరీల్లోనూ చర్చి వేడుకల్లోనూ పాడుతున్నారు కాబట్టి, ఆ మాటల్లో ఉన్న జాగ్రత్త వినేవారి దృష్టికి పెద్దగా రాదు. తలుపు ముందు నిలబడ్డవారు తామెవరో చెప్పుకోవడానికి ముందే తాము ఎవరు కారో చెప్పుకుంటున్నారు. రోజూ అడగడం వేరు, ఏడాదికి ఒక్కనాడు అడగడం వేరు; ఊరూపేరూ తెలియనివారు అడగడం వేరు, ఎదురింటివారు అడగడం వేరు. ఇంగ్లండ్ పల్లెల్లో కొన్ని శతాబ్దాలపాటు నడిచిన ఇంటింటి పాటల ఆచారాలన్నీ ఈ తేడా మీదే నిలబడ్డాయి.

ఈ తేడాను పట్టుకోవడానికి తెలుగులో చక్కని మాటలే ఉన్నాయి. ముష్టి అంటే పెట్టేవారి దయ. మామూలు అంటే పుచ్చుకునేవారి లెక్క. మామూలుకు ఇటీవల అంటుకున్న లంచం అర్థాన్ని కాసేపు పక్కన పెడితే, ఏటేటా జరుగుతూ వచ్చినందువల్ల అడగదగినదైపోయిన చెల్లింపు అనే పాత అర్థం ఇక్కడ సరిగ్గా అతుకుతుంది. ఇంగ్లీషులో ఈ ఆచారాలను వర్ణించినవారిలో చాలామంది వాటిని యాచన అనే మాటతోనే పేర్కొన్నారు. పేర్కొన్నవారు ఎక్కువగా చర్చి గురువులు, భూస్వాములు, పత్రికలవారు. అంటే తలుపు లోపలి వైపు ఉన్నవారు. బయట చలిలో నిలబడి పాడినవారి లెక్క ఏమిటో తెలుసుకోవాలంటే వారి పాటలనే వినాలి.

ఆ పాటల్లో అంత జాగ్రత్త ఎందుకు అవసరమైందో చట్టాలను చూస్తే తెలుస్తుంది. 1531 నాటి చట్టం ఒళ్ళు బాగుండి అడుక్కునేవారిని కొరడాతో కొట్టించమంది. 1547 నాటి మరో చట్టం పని చేయకుండా తిరిగేవారికి గుండె మీద వాత పెట్టి రెండేళ్ళు బానిసగా అప్పగించమంది. అది మరీ దారుణం కాబట్టి కొద్దికాలంలోనే రద్దయింది గాని, దాని వెనకున్న ఆలోచన రద్దు కాలేదు. 1601 నాటి పేదల చట్టం సాయం చేసే బాధ్యతను ప్రతి పారిష్‌కూ, అంటే ఒక్కో చర్చి పరిధిలోని ప్రాంతానికి, అప్పగించింది. 1662 నాటి చట్టం ఆ సాయం పొందాలంటే ఆ పారిష్‌లో స్థిరనివాసం ఉండాలని గట్టిగా కట్టడి చేసింది. 1824 నాటి దేశదిమ్మరుల చట్టం వీధిలో చేయి చాపినందుకే ఒక నెల కఠిన శిక్షకు వీలిచ్చింది. ఇటువంటి దేశంలో పేద కూలీ భార్య పెద్దరైతు తలుపు తట్టి గోధుమలు అడగాలంటే ఆమెకు ఒక రక్షణ కావాలి. ఆ రక్షణ తేదీ రూపంలో, పాట రూపంలో, ముఖపరిచయం రూపంలో దొరికింది. డిసెంబర్ 21న అడిగితే ఆచారం. డిసెంబర్ 28న అదే తలుపు దగ్గర అవే మాటలు అడిగితే యాచన.

వీటిలో పాతదనానికి అన్నిటికంటే గట్టి ఆధారాలున్నది సోలింగ్, అంటే మృతుల ఆత్మల పేర రొట్టెలు అడుగుతూ ఇల్లిల్లూ తిరగడం. నవంబర్ 1 సకల పుణ్యాత్ముల పండుగ, 2 సకల మృతాత్మల దినం. చనిపోయినవారి ఆత్మలు పాపశేషం కడుక్కోవడానికి పర్గేటరీ అనే శుద్ధిస్థలంలో బాధపడుతుంటాయనీ, బతికున్నవారి ప్రార్థనలూ దానధర్మాలూ ఆ బాధను తగ్గిస్తాయనీ మధ్యయుగపు చర్చి బోధించింది. ష్రాప్‌షైర్ జిల్లాలోని లిల్లెషాల్ మఠానికి చెందిన జాన్ మిర్క్ 14వ శతాబ్దం చివరి దశకాల్లో రాసిన ప్రసంగాల్లో, వెనుకటి రోజుల్లో మంచివారు ఆ రోజున రొట్టెలు కొని తమవారి ఆత్మల పేర పంచేవారనీ, ఒక్కో రొట్టెకు ఒక్కో ఆత్మ బయటపడుతుందని ఆశించేవారనీ చెప్పాడు. ఇక్కడ ఇచ్చిపుచ్చుకోవడం పూర్తిగా సమానం. రొట్టె తీసుకున్న పేదవాడు ఊరికే తీసుకోలేదు. ఆ ఇంటి మృతుల కోసం ప్రార్థన చేసే పని నెత్తిన వేసుకున్నాడు. పెట్టినవారికి అతని అవసరం ఎంతో, అతనికి పెట్టినవారి అవసరమూ అంతే.

16వ శతాబ్దంలో ప్రొటెస్టంట్ మతసంస్కరణ వచ్చి ఈ లెక్క పునాదినే పెకలించింది. పర్గేటరీ అన్నదే లేదని కొత్త చర్చి తేల్చింది. మృతుల కోసం ప్రార్థనలు చేయించే ధర్మనిధులన్నిటినీ 1547లో చట్టం చేసి ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. సిద్ధాంతం ప్రకారం సోలింగ్ అప్పుడే ఆగిపోవాలి, కానీ ఆగలేదు. షేక్‌స్పియర్ తొలినాళ్ళ నాటకమైన టూ జెంటిల్‌మెన్ ఆఫ్ వెరోనాలో ఒక సేవకుడు తన యజమాని ప్రేమబాధను వెక్కిరిస్తూ, సకల పుణ్యాత్ముల పండుగ నాటి బిచ్చగాడిలా దీనంగా గొంతు తీస్తున్నావంటాడు. ప్రేక్షకులకు ఆ గొంతు ఎలా ఉంటుందో తెలియకపోతే ఆ పోలికకు నవ్వు రాదు. 1680లలో పాత ఆచారాలను రాసిపెట్టిన జాన్ ఆబ్రీ తన రాతల్లో ష్రాప్‌షైర్ ప్రాంతపు ఇళ్ళలో బల్ల మీద ఆత్మల రొట్టెలను ఒకదానిమీద ఒకటి ఎత్తుగా పేర్చి పెట్టేవారనీ, వచ్చినవారంతా తలా ఒకటి తీసుకునేవారనీ నమోదు చేశాడు. ఒక్క రొట్టె కోసం క్రైస్తవ ఆత్మలన్నిటినీ కరుణించమని అడిగే రెండు పాదాలను కూడా అతడు రాసి ఉంచాడు. పర్గేటరీ చట్టప్రకారం పోయి అప్పటికి నూటముప్ఫై ఏళ్ళు దాటాయి.

మరో రెండు వందల ఏళ్ళు గడిచాక, 1880లలో, అదే ష్రాప్‌షైర్‌లో షార్లెట్ బర్న్ అనే జానపద పరిశోధకురాలు సోలింగ్ పాటలను సేకరించింది. ఆ నాటికి ష్రాప్‌షైర్, చెషైర్, స్టాఫర్డ్‌షైర్ జిల్లాల్లో పాడుతున్నవారు ఎక్కువగా పిల్లలు. "ఆత్మ, ఆత్మ, ఒక ఆత్మరొట్టె, పెట్టవమ్మా మంచితల్లీ ఒక ఆత్మరొట్టె, ఆపిల్ గాని, పియర్ గాని, రేగుపండు గాని, చెర్రీ గాని, మమ్మల్ని సంతోషపెట్టేది ఏదైనా సరే, పీటర్‌కు ఒకటి, పాల్‌కు రెండు, మనందరినీ చేసిన దేవుడికి మూడు." ఈ మాటల్లో మృతుల ప్రస్తావన పేరుకు మాత్రమే మిగిలింది. ఆత్మ అన్న మాట రొట్టెకు విశేషణమైపోయింది. రొట్టె కూడా చిన్నదే: గుండ్రంగా, అరచేతిలో ఇమిడేంత, పిండీ వెన్నా చక్కెరా కలిపి, ఇంట్లో ఉంటే జాజికాయో మరో సుగంధద్రవ్యమో చేర్చి కాల్చినది. ఈ పాటలకు తోడుగా తిరిగే మరో చరణం ఇంకా సూటిగా ఉంటుంది: సందులన్నీ బురద, నా బూట్లు అరిగి పల్చబడ్డాయి, కాసు వేసుకోవడానికి చిన్న జేబు ఉంది, మీ దగ్గర పెన్నీ లేకపోతే అరపెన్నీ చాలు, అరపెన్నీ కూడా లేకపోతే దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి. చివరి మాటలోని ఔచిత్యం గమనించదగ్గది. ఇవ్వలేనివారి పేదరికాన్ని పాడేవారు అర్థం చేసుకుంటారు. ఉండి ఇవ్వనివారి విషయం వేరు.

చెషైర్‌లోని ఆంట్రోబస్ ఊరిలో సోలింగ్ మరో రూపం తీసుకుంది. అక్కడ పెద్దవాళ్ళు అక్టోబర్ చివరి రాత్రి మొదలుపెట్టి కొన్ని రోజులపాటు చిన్న నాటకం ఆడతారు. ఒకరిని ఒకరు చంపడం, వైద్యుడు వచ్చి బతికించడం అందులోని కథ. చివరికి గుర్రం వస్తుంది. అది నిజమైన గుర్రపు పుర్రె, నల్లరంగు పూసి గడకర్రకు బిగించినది. దుప్పటి కింద వంగి నిలబడ్డ మనిషి తాడు లాగితే పుర్రె దవడలు టకటకమంటాయి. ఈ ఆట ఇప్పటికీ సాగుతోంది, ఎక్కువగా పబ్బుల్లో.

వాసెయిల్ సంగతి వేరు. ఈ మాట పాత ఇంగ్లీషు, పాత నార్స్ భాషల్లోని ఆరోగ్యంగా ఉండు అనే దీవెన నుంచి వచ్చింది. ఎదుటివాడు దానికి ఆరోగ్యంగా తాగు అనే అర్థంలో బదులు చెప్పేవాడు. 12వ శతాబ్దంలో జెఫ్రీ ఆఫ్ మాన్మత్ ఈ పలకరింపును వోర్టిజెర్న్ రాజుకు రొవీనా పాత్ర అందించిన కథలో పెట్టాడు. తరువాతి కాలంలో ఆ మాట దీవెన నుంచి పానీయానికీ, పానీయం నుంచి పాత్రకూ, పాత్ర నుంచి దానిని మోసుకుంటూ ఇల్లిల్లూ తిరిగే ఆచారానికీ పాకింది. సోమర్‌సెట్, డెవన్ ప్రాంతాల్లో సైడర్ అనే ఆపిల్ మద్యం కోసం పెంచే తోటల్లోని చెట్లకు పాడే వాసెయిల్ కూడా ఉంది. 1752లో క్యాలెండర్ మార్చి పదకొండు రోజులు తీసేసినా సోమర్‌సెట్‌లోని కార్‌హాంప్టన్ ఊరు ఒప్పుకోక, పాత లెక్క ప్రకారం జనవరి 17నే తోటలో పాడుతూ వచ్చింది. ఈ వ్యాసానికి ముఖ్యమైనది మాత్రం మనుషుల ఇళ్ళకు వెళ్ళే వాసెయిల్.

ఈ ఆచారంలో పాడేవారు ఖాళీ చేతులతో రారు. మేపుల్ చెక్కతో చేసిన పెద్ద గిన్నె నిండా వేడిచేసిన ఏల్ అనే బీరు, చక్కెర, మసాలా దినుసులు, తేలుతూ కాల్చిన ఆపిల్ ముక్కలు తెస్తారు. గృహస్థు ఒక గుక్క తాగాలి, ఆపైన గిన్నె నింపాలి లేదా డబ్బు ఇవ్వాలి. ఈ లెక్కలోని మెలిక 17వ శతాబ్దపు న్యాయవేత్త జాన్ సెల్డెన్‌కు బాగా తెలుసు. పోప్ రాజులకు పవిత్ర అవశేషాలు పంపడాన్ని అతడు కొత్త సంవత్సరపు వాసెయిల్‌తో తిరిగే పడుచులతో పోల్చాడు: పాత్ర మీ చేతికిస్తారు, ఆ జిగటనీళ్ళు తాగక తప్పదు, దాని విలువకు పదింతలు డబ్బు ఇవ్వాలన్నదే అసలు సంగతి. సెల్డెన్ విసుగు అర్థం చేసుకోదగినదే. కానీ ఆ పడుచుల వైపు నుంచి చూస్తే ఆ గుక్క చాలా విలువైనది. అది తాగిన క్షణాన గృహస్థు దాత అనే ఎత్తుపీట దిగి అతిథి అవుతాడు. తీసుకున్నవాడు తిరిగి ఇవ్వడం మర్యాద. మర్యాదను అడగడం యాచన కాదు.

గ్లాస్టర్‌షైర్ వాసెయిల్ పాటలో ఇంటి ఆవులనూ గుర్రాలనూ పేరుపేరునా పిలిచి, వాటి కళ్ళకూ కొమ్ములకూ తోకలకూ దీవెన పెట్టి, ఒక్కో దీవెనకు ఇంటి యజమానికి ఒక్కో మంచి వస్తువు కోరతారు: మంచి మాంసం, మంచి పంట, మంచి బీరు. తరువాత పాట నౌకర్ల వైపు తిరుగుతుంది. పానీయాలు చూసే బట్లర్ మంచి ఏల్‌తో గిన్నె నింపితే అతని ఆత్మకు స్వర్గంలో శాంతి కలగాలి. పల్చటి నాసిరకం పోస్తే బట్లర్, గిన్నె, అంతా కలిసి కింద పడాలి. ఇది నవ్వుతూ పాడేదే. అయినా దీవెనా బెదిరింపూ ఒకే చరణంలో పక్కపక్కన ఉండడం కాకతాళీయం కాదు. మామూలుగా వచ్చేదాన్ని ఎగ్గొడితే ఊరుకునేది లేదన్న సంగతిని పాట మర్యాదగా గుర్తుచేస్తోంది. పల్చటి బీరు నౌకర్లకు రోజూ దొరికేదే. పండగనాడు అదే పోస్తే అది ఇవ్వడం కిందికి రాదు.

ఈ హక్కు భావన గట్టిగా రాతలోకి ఎక్కిన ఊరు కార్న్‌వాల్‌లోని బాడ్మిన్. అక్కడి పట్టణ గుమస్తాగా పనిచేసిన నికొలస్ స్ప్రే 1624 నాటి వీలునామాలో ఏటేటా వాసెయిల్ పాత్ర కోసం 13 షిల్లింగుల 4 పెన్నీలు కేటాయించాడు. ఊరివారి మధ్య ప్రేమా పొత్తూ నిలవాలన్నది దాని ఉద్దేశం. ఆస్తి పంచే పత్రంలో పాట పాడేవారికి ఒక పద్దు ఉండడం అంటే, ఆ పట్టణం దృష్టిలో అది దయాదాక్షిణ్యాల విషయం కాదన్నమాట.

ఇంతవరకు చూసిన వాటిలో సరదా పాలు ఎక్కువే. సెయింట్ థామస్ రోజైన డిసెంబర్ 21న జరిగే థామసింగ్‌లో సరదా దాదాపు లేదు, అందుకే దాని గురించి పండగ పుస్తకాలు తక్కువ రాస్తాయి. ఆ రోజు తిరిగేవారు స్త్రీలు, వారిలోనూ ఎక్కువమంది వితంతువులు, ముసలివారు, చిన్నపిల్లల తల్లులు. ప్రాంతాన్ని బట్టి దీనిని గుడింగ్ అనీ, మంపింగ్ అనీ, వార్విక్‌షైర్ వైపు కార్నింగ్ అనీ పిలిచేవారు. మంపింగ్ అన్న మాటలో యాచన అన్న తక్కువచూపు ఉంది. గుడింగ్ అన్న మాటలో మేలు కోరడం ఉంది. కార్నింగ్‌లో ఉన్నది నేరుగా ధాన్యమే. ఒకే నడకకు ఉన్న ఈ మూడు పేర్లు దానిని ఎవరు ఎటు నుంచి చూశారో చెబుతాయి. స్త్రీలు సంచులు పట్టుకుని రైతుల ఇళ్ళకు వెళితే రైతు కొలతతో గోధుమలు పోసేవాడు. చాలాచోట్ల మిల్లు యజమాని ఆ గింజలను కూలి పుచ్చుకోకుండా ఆడించి ఇచ్చేవాడు. ఆ గోధుమలను పొట్టు పోయేలా నానబెట్టి దంచి, పాలలో మెత్తగా ఉడికిస్తే ఫ్రూమెంటీ అనే పాయసం లాంటి వంటకం అవుతుంది. అదే క్రిస్మస్ పూట పేదింటి విందు. బదులుగా ఆ స్త్రీలు క్రిస్మస్‌కు ఇళ్ళలో కట్టుకునే హాలీ కొమ్మో మిసిల్‌టో రెమ్మో ఇచ్చిన ఊళ్ళు ఉన్నాయి. దాని ఖరీదు లేకపోవచ్చు గాని, ఆ రెమ్మ చేతులు మారినందువల్ల ఆ చేయి చాపిన చేయి కాకుండా పోతుంది.

ఇక్కడ గోధుమలే ఎందుకు అన్న ప్రశ్న వేయాలి. కోతలైన చేలలో రాలిన వెన్నులు ఏరుకునే పరిగె హక్కు ఇంగ్లండ్ పేదలకు ఎంతో కాలంగా ఆనవాయితీగా ఉండేది. తల్లీ పిల్లలూ కలిసి ఏరిన పరిగె గింజలు చాలా ఇళ్ళలో చలికాలపు రొట్టెకు ఆధారం. సఫోక్‌లోని టింవర్త్ గ్రామంలో ఒక స్త్రీ పరిగె ఏరిన వ్యవహారం కోర్టుకెక్కగా, 1788లో న్యాయమూర్తులు మెజారిటీ తీర్పుతో పరిగె ఏరుకోవడం దేశ సాధారణ చట్టం కింద హక్కు కాదని తేల్చారు. అదే కాలంలో ఉమ్మడి భూములకు వరసగా కంచెలు పడుతున్నాయి; ఆవును మేపుకునే బీడు, పొయ్యిలోకి పుల్లలు ఏరుకునే పొద పోతున్నాయి. తీర్పు వచ్చినా చాలా ఊళ్ళలో పరిగె ఏరడం ఆగలేదు, డిసెంబర్‌లో సంచి పట్టుకుని తిరగడమూ ఆగలేదు. తమ చేతులతో కోసి కట్టి మోసిన గోధుమల్లో తమకు కొలతెడు రావాలన్నది కూలివారి ఇంటి లెక్క. తెలుగు నేల మీద కల్లంలో వృత్తులవారికి కొలిచే మేర అనే మాట తెలిసినవారికి ఈ లెక్కను విడమరచి చెప్పనక్కరలేదు.

బెదిరింపు పూర్తిగా బయటపడేది ప్లౌ మండే నాడు, అంటే నాగలి సోమవారం. జనవరి 6 తరువాత వచ్చే మొదటి సోమవారం అది. క్రిస్మస్ సెలవులు ముగిసి దుక్కులు మొదలయ్యే రోజు, అయితే నేల గడ్డకట్టి ఉంటే పని ఉండదు, పని లేకపోతే రోజుకూలి ఉండదు. తూర్పు మిడ్‌లాండ్స్, తూర్పు ఆంగ్లియా, యార్క్‌షైర్ ప్రాంతాల్లో దుక్కి పాలేర్లు రంగుకాగితాలతో అలంకరించిన నాగలిని లాగుతూ ఊరంతా తిరిగేవారు. ఎడ్లు ఉండవు, వాటి స్థానంలో మనుషులే తాళ్ళు భుజాన వేసుకుంటారు. అందుకే వారికి కోడెలు అన్న అర్థం వచ్చే పేర్లు పడ్డాయి: యార్క్‌షైర్‌లో ప్లౌ స్టాట్స్, మిడ్‌లాండ్స్‌లో ప్లౌ బుల్లక్స్. మతసంస్కరణకు ముందు ఈ వసూళ్ళలో కొంత చర్చిలో నాగలి దీపం వెలిగించడానికి వెళ్ళేది. దీపాలను చర్చి నిషేధించాక ఆ పద్దు పోయింది, వసూలు మిగిలింది. డబ్బు ఇచ్చిన ఇంటి ముందు కేకలు, నృత్యం. ఇవ్వని ఇంటి ముందు నాగలిని నేలలోకి దించి గుమ్మం ముందరి వాకిలిని ఒక చాలు దున్నేసేవారు.

ఆ దృశ్యాన్ని దగ్గరగా ఊహించడం అవసరం. ఏడాది పొడవునా ఎవరి పొలంలో ఆ కర్రు నడిచిందో ఆ యజమాని గుమ్మం ముందే అది దిగుతోంది. నడిపేవారు అతని దగ్గర పనిచేసేవారే, కానీ ముఖాలకు మసి పూసుకున్నారు, ఒకడు ఆడవేషం వేశాడు, కోట్లు తిరగేసి తొడుక్కున్నారు. అందరికీ ఎవరెవరో తెలుసు, తెలియనట్టు నటించడం ఆటలో భాగం. మసి ముఖం పాలేరుకు ఇచ్చిన వెసులుబాటు అదే: ఈ రోజు అడిగింది నేను కాదు, నాగలి అడిగింది. రేపు పొద్దున మళ్ళీ టోపీ తీసి అదే యజమాని ముందు నిలబడాలి కాబట్టి ఆ తెర అతనికి ప్రాణావసరం. వాసెయిల్ పిల్లలు మేము మీకు తెలిసినవాళ్ళమే అని పాడితే, ప్లౌ మండే కుర్రవాళ్ళు మేమెవరో మీకు తెలియదు అన్నట్టు వస్తారు. తలుపు దగ్గర ఈ రెండూ చేసే పని ఒకటే, అడిగిన మనిషికి తలవంపు రాకుండా చూడడం. ఈ మసిని ఆనాటి పాలేర్లు ఏ ఉద్దేశంతో పూసుకున్నా, 19వ శతాబ్దంలో నల్లజాతివారిని అనుకరించే రంగస్థల వినోదం ఇంగ్లండ్ అంతటా వ్యాపించాక దానికి మరో అర్థం కలిసింది. 2020లో ఇంగ్లండ్ జానపద నృత్యమైన మోరిస్ సంఘాల ఉమ్మడి వేదిక ముఖమంతా నల్లరంగు పూయడం మానాలని నిర్ణయించింది. నల్లజాతి పొరుగువారికి గాయమయ్యే వేషాన్ని మార్చుకోవడం సరైన పనే. పొరుగుతనం మీద నిలబడ్డ ఆచారంలో అది ఇంకా సరైన పని.

మిగిలినవాటి జాబితా పొడవే. నవంబర్ 23న కమ్మరుల పోషక సాధువైన క్లెమెంట్ పేర, 25న దారం వడికేవారి, లేసు అల్లేవారి సాధ్వి కేథరిన్ పేర ఆపిల్స్ అడిగే ఆచారాలు స్టాఫర్డ్‌షైర్, వూస్టర్‌షైర్‌లలో 19వ శతాబ్దం దాకా నడిచాయి. ఇటువంటి సాధువుల పండగ రోజుల్లో పిల్లలు గురువుల్లా, బిషప్పుల్లా, స్త్రీలలా వేషాలు వేసుకుని పాడుతూ ఇల్లిల్లూ తిరిగి దీవెనలిస్తూ డబ్బు వసూలు చేయడాన్ని ఎనిమిదో హెన్రీ రాజు 1541లోనే ప్రకటన చేసి నిషేధించాడు. రాజశాసనం మూడు శతాబ్దాలపాటు ఊళ్ళను ఆపలేకపోయిందంటే ఆ ఆపిల్స్ అవసరం ఎంతటిదో తెలుస్తుంది. ఈస్టర్‌కు లాంకషైర్, యార్క్‌షైర్‌లలో ఉల్లిపొట్టుతో రంగు పట్టించిన గుడ్ల కోసం పేస్ ఎగ్గింగ్ బృందాలు తిరిగేవి. మే 1న ఆడపిల్లలు రెండు వలయాలకు పూలు చుట్టి, మధ్యలో ఒక బొమ్మను కూర్చోబెట్టి, తెల్లటి గుడ్డ కప్పి తెచ్చేవారు. కాసు చేతిలో పడ్డాకే గుడ్డ తొలగేది. అదే రోజు లండన్‌లో పొగగొట్టాలు ఊడ్చే కుర్రవాళ్ళు ఆకుల బుట్టలో దాగిన మనిషిని నడిపిస్తూ నృత్యం చేసేవారు, ఎందుకంటే వేసవి రాగానే పొయ్యిలు ఆరిపోతాయి, వారి పని పడిపోతుంది.

ఈ ఆకుల మనిషి విషయంలో జరిగిన పొరపాటు మొత్తం విషయానికే సంబంధించింది. 1890లో జేమ్స్ ఫ్రేజర్ వృక్షదేవతల సిద్ధాంతం వెలువడ్డాక, జానపద పరిశోధకులు ఇంగ్లండ్ ఇంటింటి ఆచారాలన్నిటిలోనూ క్రైస్తవానికి ముందటి మతపు అవశేషాలను వెదికారు. ఆకుల మనిషి వసంతదేవుడయ్యాడు, గుర్రపు పుర్రె బలిపశువయింది, నాటకంలో చచ్చి లేచే వీరుడు పంటదేవుడయ్యాడు. 1970లలో రాయ్ జడ్జ్ అనే పరిశోధకుడు పాత వార్తలనూ చిత్రాలనూ వరసగా పరిశీలించి, ఆ ఆకుల మనిషి 18వ శతాబ్దం చివరలో పట్టణపు శ్రామికుల మధ్య పుట్టిన కొత్త వేషమని చూపించాడు. చరిత్రకారుడు రొనాల్డ్ హట్టన్ 1990లలో పంచాంగమంతటినీ ఇదే పద్ధతిలో పరిశీలించి, చాలా ఆచారాలకు ఆధారాలు మధ్యయుగాంతం దాటి వెనక్కి వెళ్ళవని తేల్చాడు. దేవతల సిద్ధాంతం తప్పు కావడం కంటే బాధ కలిగించేది మరొకటుంది. పాడేవారి నోట స్పష్టంగా వినిపిస్తున్న మాటలను అది పక్కకు నెట్టింది. నా బూట్లు పల్చబడ్డాయి అని పిల్లవాడు పాడుతుంటే, సేకర్త పుస్తకంలో గుర్రం గురించి రాసుకున్నాడు. తేదీలను వరసగా చూస్తే ఆకలి పంచాంగం కళ్ళకు కడుతుంది: అక్టోబర్ చివర నుంచి జనవరి రెండో వారం దాకా, పగలు కుంచించుకుపోయి పని దొరకని రోజుల్లోనే ఈ ఆచారాల్లో అధికభాగం గుంపుగా వచ్చి పడ్డాయి.

19వ శతాబ్దంలో ఈ లెక్కలు ఒక్కొక్కటిగా తెగిపోయాయి. 1834 నాటి కొత్త పేదల చట్టం సాయం కావాలంటే పేదలను ఉంచి పని చేయించే వర్క్‌హౌస్‌లో చేరమంది. పేదరికాన్ని అడిగేవారి స్వభావలోపంగా చూసే ధోరణి బలపడింది, దానితోపాటు విచారించకుండా చేసే దానం చెడుపని అనే నమ్మకమూ బలపడింది. కొన్ని పారిష్‌లలో రైతులు థామస్ రోజు గోధుమలను ఆపి, డబ్బు పోగుచేసి చర్చి గురువుకు అప్పగించారు. ఆయన జాబితా చూసి తగినవారని తోచినవారికి పంచాడు. ఇచ్చే మొత్తం తగ్గకపోయి ఉండవచ్చు, కానీ అడిగే హక్కు పోయింది. తలుపు దగ్గరకు వెళ్ళి పాడిన స్త్రీ ఇప్పుడు వరసలో నిలబడి తన మంచి నడవడికి రుజువు చూపాలి. 1870 తరువాత బడి తప్పనిసరి అవుతూ వచ్చిన కొద్దీ, మే 1నా థామస్ రోజునా పిల్లలు బడికి రాలేదని ఉపాధ్యాయులు హాజరు పుస్తకాల్లో రాసుకున్న ఫిర్యాదులు కనిపిస్తాయి. 1909 జనవరి నుంచి డెబ్భై దాటిన పేద వృద్ధులకు వారానికి 5 షిల్లింగుల వరకు పింఛను అందసాగింది. అది వారి హక్కుగా వచ్చిన డబ్బు. ఆ పింఛను అందుకున్న వితంతువుకు డిసెంబర్ మంచులో సంచి పట్టుకుని తిరగాల్సిన పని లేకపోవడాన్ని ఆచారం కోల్పోవడంగా విలపించడం న్యాయం కాదు.

ఇంచుమించు అదే కాలంలో కేంబ్రిడ్జ్‌షైర్‌లోని విట్టిల్సీ పట్టణంలో మరో రకం ముగింపు జరిగింది. నాగలి సోమవారం మరునాడు ఒంటినిండా గడ్డి చుట్టుకున్న మనిషిని గడ్డి ఎలుగుబంటిగా నడిపిస్తూ, ఇళ్ళ ముందు ఆడించి డబ్బు, బీరు, మాంసం పుచ్చుకోవడం అక్కడి ఆనవాయితీ. ఇది ఒక రకం అడుక్కోవడమే అంటూ పోలీసు ఇన్‌స్పెక్టర్ ఒకాయన ఆపించేశాడని చెబుతారు. తేదీ మారలేదు, వేషం మారలేదు, ఊరివారే ఆడారు. అడిగేవారికీ ఇచ్చేవారికీ మధ్య ఉన్న ఒప్పందాన్ని గుర్తుపట్టని మూడో మనిషి మధ్యలోకి వచ్చాడు, అంతే. 1980లో ఆ పట్టణం గడ్డి ఎలుగుబంటిని తిరిగి వీధిలోకి తెచ్చింది. ఇప్పుడు ప్రతి జనవరిలో అది వందలాది నృత్యకారులతో ఊరేగుతుంది, చివరిరోజు గడ్డి వేషాన్ని తగలబెడతారు. ఇళ్ళ తలుపులు మాత్రం తట్టరు.

తలుపు తట్టడం మిగిలినచోట కూడా డబ్బు ఎవరికి వెళుతుందన్నది మారింది. ఇప్పటి కరోల్ బృందాలు సాధారణంగా ఏదో సేవాసంస్థ పేరున్న డబ్బా పట్టుకుని వస్తాయి; తమ కోసం అడగడం లేదన్నదే వారికి ఉన్న రక్షణ. మేము బిచ్చగాళ్ళం కాము అనే పాత చరణాన్ని ఇప్పుడు ఆ డబ్బా చెబుతోంది. బాడ్మిన్‌లో ఇప్పటికీ ప్రతి జనవరి 6న కొద్దిమంది మగవాళ్ళు పొడవాటి టోపీలు, వెనక తోకలున్న నల్లకోట్లు తొడుక్కుని, చెక్కగిన్నెతో ఇల్లిల్లూ తిరిగి వాసెయిల్ పాడతారు. ఆ దుస్తులు ఒకనాడు పట్టణపు పెద్దమనుషుల ఒంటి మీద ఉండే తరహావి. తలుపు తెరిచినవారు గిన్నెలో ఇంత పోస్తారు, డబ్బాలో ఇంత వేస్తారు, ఆపైన బృందం తరువాతి ఇంటి వైపు నడుస్తుంది.